రాలని ఈక

పొద్దున్నే షెడ్లలో చచ్చిన కోళ్లను ఏరి గోతిలో వేయడం దుర్గాబాయి పని. శామీర్‌పేట దగ్గర ప్రతాప్ రెడ్డి కోళ్లఫారంలో పద్నాలుగేళ్లుగా అదే చేస్తోంది. రోగపు కోడిని ముట్టుకుంటే ఆమె మణికట్టు మీద తెల్ల ఈక మొలుస్తుంది, పొద్దుగూకేలోపు రాలిపోతుంది. ఈక కనబడితే చాలు, ప్రతాప్ రెడ్డి ఆ షెడ్డు కోళ్లను ఆ పూటే లారీ ఎక్కించి అమ్మేసేవాడు. అదీ ఆయనగారి వైద్యం.

రెండువేల ఆరులో మహారాష్ట్ర కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిందని పేపర్లో పడగానే చికెన్ కొనే దిక్కు లేకుండా పోయింది. జనం భయం పోగొట్టడానికి మేడ్చల్‌లో చికెన్ మేళా తలపెట్టారు. వచ్చినవాళ్లందరికీ ఫ్రై, గుడ్లు ఉచితం. స్టేజీ మీద లెగ్ పీసు కొరికి చూపించబోయే పెద్దమనిషి ప్రతాప్ రెడ్డే. జడ్పీటీసీ టికెట్ మీద ఆశ మరి.

మేళా ఇంక రెండు రోజులుందనగా మూడో షెడ్డు కోళ్లు తలలు వాల్చేశాయి. దుర్గాబాయికి ఈక మొలిచింది. ఈసారి రాలలేదు. మర్నాటికి వేలెడు పొడుగైంది.

పశువుల డాక్టరు కృష్ణారావు వచ్చి దాన్ని చూసి, ప్రతాప్ రెడ్డి వైపు తిరిగాడు.

"బాగా ఉడికిస్తే తినేవాళ్లకు భయం లేదండీ. వట్టి చేతులతో కోసి, ఈకలు పీకే ఆడవాళ్లకే ముప్పు. పైగా ఈ వైరస్ పెరిగేకొద్దీ కొంచెం కొంచెం మారుతుంటుంది. మనిషి నుంచి మనిషికి అంటుకునేలా మారిందంటే ఆపడం మనవల్ల కాదు," అన్నాడు. ఎవరూ కోళ్లను ముట్టుకోవద్దని, పూడ్చేవాళ్లను వెంటబెట్టుకొస్తానని చెప్పి వెళ్లాడు.

ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో, మూడో షెడ్డు కోళ్లనే మేళాకు కోయమని ప్రతాప్ రెడ్డి పదిమంది ఆడవాళ్లను పిలిపించాడు. దుర్గాబాయి అడ్డం నిలబడింది.

"పటేలా, గీళ్లను చేతులు పెట్టనియ్య. పిల్లల తల్లులు."

"గీ ఈకకేనా గింత లొల్లి?" అంటూ ఆమె చెయ్యి గుంజి, కోడికి పీకినట్టే ఈక పీకేశాడు. నెత్తురు చిమ్మింది. వేళ్లు పంచెకు తుడుచుకుని, వాటితోనే గుట్కా నోట్లో వేసుకున్నాడు. నెత్తురు కన్నా ఆ వేళ్లే దుర్గాబాయికి రోత పుట్టించాయి.

ఆయన పుట్టి బుద్ధెరిగాక బతికున్న కోడిని చేత్తో ముట్టలేదు. అయినా మాట్లాడబోయేసరికి కింది పెదవి మీద తడితడిగా తెల్ల ఈక లేచింది. ఆడవాళ్లు ఒక్కసారి చూసి, కత్తిపీటలు అక్కడే వదిలి, బోరు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని రోడ్డెక్కారు.

ప్రతాప్ రెడ్డి పెదవి తడుముకుని కారువైపు నడిచాడు.

"ఇంటికి వోకు పటేలా," అంది దుర్గాబాయి, కొంగు ముక్కుకు కట్టుకుని దూరం జరుగుతూ. "ఇంట్ల నీ మనుమరాలున్నది. నేను గూడ పోత లేను."

ఆయన తాళంచెవి కారు మీద పెట్టేశాడు. తర్వాత వెనక్కి తిరిగి మూడో షెడ్డులోకి పోయి, లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.