చెవిలోని పనితనం

ఆర్విడ్ టోలెఫ్‌స్రుడ్ మీట పైకెత్తాడు. ఇత్తడి తూటా డొల్ల అచ్చులోంచి కిందికి దిగింది. తీసి వెలుగులో ఓసారి తిప్పిచూసి, చెక్కపలక మీది గుంతలో నిలబెట్టి, ఇంకోటి అందుకున్నాడు. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే కాఫీ వేళకి వంద దాటించే చేతులవి. వేళ్లు లావు, గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని నల్లదనం. కుడిచేతి చూపుడువేలు పై కణుపు లేదు. దాన్ని రంపపు మిల్లు ఎప్పుడో తీసుకుంది.

దుకాణం వెనకగదిలో కిటికీ పక్కన అతని బల్ల. కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. ఈ సెప్టెంబరులో అప్పుడే వాటి నెత్తిన మంచు పడింది. ముందుగదిలో దుకాణం యజమానురాలు పెగ్, మేకులూ గొడ్డలి కామలూ చేపల గాలాలూ అమ్ముతుంది. వెనకగదిలో ఆర్విడ్ వేటగాళ్లు కాల్చి తెచ్చిన డొల్లల్ని మళ్లీ తూటాలు చేస్తాడు. మిల్లు మూతపడిన ఏడు పెగ్ తండ్రి అతన్ని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టి, "రెండు వారాలు చూద్దాం" అన్నాడు. ఆ రెండు వారాలు ముప్పై ఒక్క ఏళ్లయ్యాయి. చూద్దామన్న పెద్దమనిషి పోయి కూడా పదేళ్లు దాటింది.

కాల్చిన డొల్ల మెడ ఉబ్బుతుంది. అచ్చులోకి తోస్తే బిగుస్తుంది, అవసరానికి మించి బిగుస్తుంది. బయటికి లాగేటప్పుడు అచ్చు నడుమ వేలాడే ఉక్కు బొడిపె ఆ మెడలోంచి దూరి, కొత్త గుండు పట్టేటంతగా దాన్ని విప్పుతుంది. పనంతా ఆ విప్పడంలోనే ఉంది. మెడ లోపల నున్నగా ఉంటే బొడిపె జారిపోతుంది. పొడిగా ఉంటే పట్టుకుని కీచుమంటుంది, మెడనీ దాని కింది భుజాన్నీ పైకి లాగేస్తుంది. వెంట్రుకవాసి లాగినా కంటికి తెలీదు, తుపాకీకి తెలుస్తుంది. తూటా వెనక బిగించే దాని బోల్టు మూసుకోదు.

అందుకే కొత్తగా నేర్చినవాళ్లు ప్రతి మెడలోనూ గ్రాఫైట్ పొడి అద్దిన కుంచె తిప్పుతారు. ఆర్విడ్ తిప్పడు. బొడిపె మీద మిగిలిన పొడి రెండు మూడు డొల్లలకి సరిపోతుంది. అది అయిపోతుంటే ఇత్తడి గొంతు సవరించుకున్నట్టు సన్నగా అంటుంది, అప్పుడు కుంచె అందుకుంటాడు. "ఇత్తడి అడిగితేనే పెట్టాలి" అనేవాడు. అతనికి జీవితంలో ఉన్న గర్వమంతా కలిపి ఆ ఒక్క మాటే. మిగతా విషయాల్లో గర్వపడేందుకు అతనికి ఎవరూ అవకాశం ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

భార్య సోల్వేగ్ పోయి నాలుగేళ్లు. ఈ వసంతంలో ఒకనాడు టీ కెటిల్ కూతపెట్టడం మానేసింది. పాడైందనుకుని కొత్తది కొన్నాడు. అదీ కూయలేదు. రెండో కెటిల్‌ని చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడినప్పుడు అతనికి సంగతి అర్థమైంది. మాటలు వినిపిస్తున్నాయి, లారీలు వినిపిస్తున్నాయి, సన్నటి చప్పుళ్లే పోయాయి. మిల్లు వేలితో తృప్తిపడలేదన్నమాట.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ బల్ల పోతుంది. బల్ల పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో అతనికి తెలీదు. చేతికి తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకుని మూడు డొల్లలకోసారి కుంచె తిప్పుతూ వచ్చాడు.

మధ్యాహ్నం మాంసం రొట్టె తిని చేతులు తుడుచుకుంటుండగా ముందుగదిలో తలుపు తెరుచుకుంది. పొడుగాటి తుపాకీ సంచీతో ఒకావిడ వచ్చింది. కొరిన్ బెక్స్‌లీ. ఎగువ లోయలో గొర్రెలు పెంచుతుంది, అరవై మూడేళ్లు, నడకలో మాత్రం ముప్పై. ఆవిడ తండ్రి తుపాకీకి సరిపోయే డొల్లలు ఇప్పుడు ఎక్కడా తయారుకావు. ఆయన మిగిల్చిపోయినవి ఇరవై. ఆ ఇరవైనీ జులైలో ఆర్విడే తూటాలు చేసి ఇచ్చాడు.

ఆవిడ వెనకగదిలోకి వచ్చి తూటాల పెట్టెని బల్ల మీద పెట్టింది.

"ఏడు పట్టడం లేదు. బోల్టు సగంలో ఆగిపోతోంది. ఇరవైలో ఏడు! నిన్న డేరా సర్దుకుంటూ ఎందుకో చూశాను కాబట్టి సరిపోయింది."

వెనకాలే వచ్చిన పెగ్ నవ్వుతూ అందుకుంది. "పాత తుపాకీ కదండీ, లోపల మసి పేరుకుందేమో. ఆర్విడ్ చేతిలో తప్పు జరగదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను."

"పొద్దున్నే కడిగాను" అంది కొరిన్. అయినా గొంతులో అనుమానం చేరింది. "మసే అంటారా? రేపు వేట మొదలు. కొండపొట్టేలు వేట పర్మిట్ల లాటరీలో పంతొమ్మిదేళ్లు పేరు వేశాను, పంతొమ్మిదేళ్లూ రాలేదు. ఈ ఏడు వచ్చింది. మళ్లీ రావాలంటే నేను బతికుండాలిగా!"

ఇద్దరూ ఆర్విడ్ వైపు చూశారు. అవును, మసే అని అంటే చాలు. ఆవిడ నమ్మేట్టే ఉంది. మిగిలిన పదమూడు తూటాలతో కొండెక్కుతుంది, పనీ అయిపోతుంది. బల్ల అతనికే ఉంటుంది.

ఒక తూటా తీసి దాని భుజం మీద గోరు నడిపాడు. వెంట్రుకవాసి ఎత్తు గోటికి తగిలింది.

"తుపాకీది కాదు మేడమ్. తప్పు నాది. మెడలు పొడిగా లాగేశాను."

"అదేంటి, మీరు చప్పుడు విని చేస్తారటగా? మా నాన్న చెప్పేవాడు. ఆయనుంటే ఇప్పుడు మీ చెవి మెలిపెట్టేవాడు."

"మెలిపెట్టినా లాభం లేదు మేడమ్. అది పోయి ఆరు నెలలైంది."

కొరిన్ కాసేపు అతన్నే చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "తుపాకీ ఇక్కడే ఉంది. ఒక్కోటీ చేసి ఇవ్వండి. నేను పట్టి చూస్తాను."

ఆర్విడ్ మొదట ఉక్కు బొడిపెని ఊడదీసి సన్నటి గరుకు కాగితంతో అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. ఏడు తూటాల్లోంచీ గుండ్లు ఊడబెరికి, మందు వేరు చేశాడు. పైకి లేచిన భుజాలు అణిగేలా అచ్చుని ఒక పిసరు కిందికి దించాడు. ఆ తర్వాత కుంచె అందుకుని మొదటి డొల్ల మెడలో తిప్పాడు. రెండో దానిలోనూ తిప్పాడు. మూడో దానిలోనూ. ప్రతి ఒక్కదానిలోనూ, నిన్న పనిలో చేరినవాడిలా. ప్రతిసారీ తల కొట్టేసినట్టయింది. మీట ఎత్తేటప్పుడు కళ్లు మూసుకుని, ఇత్తడి ఎక్కడైనా తడబడుతుందేమోనని అరచేత్తో వెతికాడు.

మందు పోసి, గుండు కూర్చి, ఒక్కో తూటా ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ తుపాకీ గొట్టాన్ని గోడవైపు తిప్పి, వేలు ట్రిగ్గరుకి దూరంగా పెట్టి బోల్టు మూసి తెరిచేది. మూసుకుందా అని అతను చెవితో కాక ఆవిడ మొహంలో చూసి తెలుసుకున్నాడు. ఏడోది మూసుకున్నాక ఆవిడ లేచి, అతని భుజం తట్టి వెళ్లిపోయింది.

పెగ్ అక్కడే నిలబడిపోయింది.

"చెవి మిషను పెట్టించుకుందాం, పెద్దాయనా. ఎంతమంది పెట్టుకోవడం లేదు?"

"నాకు బాధ చెవుడు వచ్చినందుకు కాదు అమ్మాయ్. వచ్చిందని తెలిసీ ఇన్నాళ్లూ ఊరుకున్నాను చూడు, అందుకు. కొండమీద ఆ తుపాకీ మూసుకోకపోతే ఏం చేసేదావిడ?"

"చివరికి చెప్పావుగా."

"అడిగాక చెప్పాను."

బల్ల శుభ్రంగా తుడిచాడు. అచ్చులకి నూనె రాసి గుడ్డలో చుట్టాడు. కోటు వేసుకుని, రేపట్నించి రానని చెప్పాడు. పెగ్ గుమ్మందాకా వచ్చి ఏదో అంది. చాలా మెల్లగా అంది. అతనికి వినపడలేదు, మళ్లీ చెప్పమనడానికి సిగ్గేసి తలూపి వెళ్లిపోయాడు. ఉండిపొమ్మని బతిమాలానని పెగ్ తర్వాత చాలామందికి చెప్పుకుని ఏడ్చింది.

పన్నెండు రోజులకి ఆర్విడ్ ఇంట్లో పొయ్యి ముందు కుర్చీలోనే పోయాడు. పొద్దున్న ఆరుకే బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, ఎక్కడికో బయల్దేరేవాడిలా కూర్చుని ఉన్నాడు.

అంత్యక్రియలైన వారానికి కొరిన్ దుకాణానికి వచ్చింది. చేతిలో కాగితంలో చుట్టిన పొట్టేలు మాంసం, మొహమంతా వెలుగు. ఎగువ లోయకి కబురు చేరలేదు. "ఎక్కడాయన? ఒక్కటే కాల్చాను! బోల్టు వెన్నలో దిగినట్టు దిగింది, కాస్తయినా చప్పుడు లేదు. ఆయనకే చెప్పాలని..."

పెగ్ చెప్పింది. కొరిన్ మాంసం పొట్లాన్ని అక్కడే దించింది. వెనకగదిలోకి వెళ్లి, కోటు జేబులోంచి తీసినదాన్ని ఖాళీ బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

అది కాల్చిన డొల్ల. మెడ చుట్టూ మసి, పని సరిగ్గా కుదిరిన డొల్లకే పట్టేటట్టు, సమంగా పట్టి ఉంది, కిటికీలోంచి వచ్చే వెలుగులో నిటారుగా నిలబడి ఉంది.