నవ్వే ముఖం మీద గోటి గుర్తులు

ఫిబ్రవరి రెండో ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, మిరపకాయ కోతకు కూలీలను తీసుకుపోతున్న ఆటో కాలువ మలుపు దగ్గర బోల్తా పడింది. అందులో పదకొండు మంది ఉన్నారు. బడికి సెలవు కాబట్టి రూతమ్మ అనే కూలీ తన ఇద్దరు పిల్లలనూ వెంట తీసుకొచ్చింది. కూతురు సలోమికి తొమ్మిదేళ్లు, కొడుకు ఆశీర్వాదానికి ఐదు. ఎనిమిదీ పదికి వాళ్లను జిల్లా ఆసుపత్రికి చేర్చారు. అక్కడ నేను వాళ్లను చూశాను.

నేను ఒక అట్టను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. నా మీద వరుసగా ఆరు ముఖాలు ఉన్నాయి. మొదటిది నవ్వుతుంది, ఆరోది ఏడుస్తుంది. తక్కినవి ఆ రెంటి మధ్య మెట్లు. ముఖాల కింద అంకెలున్నాయి: సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. నొప్పి ఎంతో చెప్పలేని పిల్లలు నా మీద వేలు పెడతారు. నర్సు ఆ అంకెను షీటులో రాస్తుంది.

విజయవాడలో ఒక ప్రెస్సులో పెళ్లి శుభలేఖల తర్వాత నన్ను అచ్చేశారు. బొమ్మలు గీసినతను ఆరో ముఖానికి మూడు కన్నీటి చుక్కలు పెట్టాడు. యజమాని చూసి, "రెండు చాల్లేవయ్యా, పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు. ఒక చుక్క తీసేసి, పైన ప్లాస్టిక్ అతికించి పంపారు. అప్పటినుంచి నాలుగేళ్లు పిల్లల సర్జరీ వార్డులో మేకుకు వేలాడాను.

మనుషులు నన్ను రకరకాలుగా వాడారు. డాక్టరు త్వరగా రావాలని కొడుకు వేలు పట్టుకుని ఆరో ముఖం మీదికి జరిపిన తండ్రిని చూశాను. కోతలకు ముందే ఇంటికి పోవాలని కూతురి వేలు రెండో ముఖం మీదికి లాగిన తల్లినీ చూశాను. వార్డు ఆయా పోలమ్మ తుడవడానికి వచ్చినప్పుడల్లా తన మోకాలికి ఐదో ముఖం చూపించి నవ్వేది. ఆ ఎనిమిది ఏ షీటులోనూ ఎక్కలేదు.

ఆ ఆదివారం క్యాజువాలిటీలో ఉండాల్సిన అట్ట కనబడలేదు. హైమావతి సిస్టర్ నన్ను మేకు మీంచి తీసుకుని కిందికి పరుగెత్తింది. ముందు పిల్లవాణ్ని అడిగింది.

"ఏ బొమ్మ నాన్నా?"

ఆశీర్వాదం ఆరో ముఖం మీద అరచేయి మొత్తం పెట్టాడు. వెంటనే స్ట్రెచర్ తోశారు. వాడు "అక్కా" అని అరిచాడు. తలుపు మూసుకుంది.

సలోమి పక్క స్ట్రెచర్ మీద ఉంది. తొడ ఎముక విరిగి బయటికి వచ్చింది. నన్ను ముందు పెడితే ఆమె ఆ తలుపు వంక చూసి, మొదటి ముఖం మీద వేలు పెట్టింది. డాక్టరు కాలు చూశాడు. నన్ను పట్టించుకోలేదు. ఆమెనూ ఆపరేషన్‌కు తీసుకుపోయారు. ఆ తర్వాత కాలు కట్టులోకి పోయింది. ఇక అందరూ నన్నే నమ్మారు.

ఆశీర్వాదం పదకొండూ నలభైకి చనిపోయాడు.

పిల్లకు చెప్పొద్దని పెద్దవాళ్లంతా అనుకున్నారు. సోమవారం సాయంత్రం రూతమ్మ "టీ తాగొస్తానమ్మా" అని వెళ్లి, మూడు గంటల తర్వాత తడి జుట్టుతో తిరిగొచ్చింది.

"తమ్ముడు యాడున్నాడు?" అంది సలోమి.

"అమ్మమ్మ కాడ ఉన్నాడమ్మా. నీకు తగ్గంగానే పోదాం."

సలోమి తల్లి జుట్టు వంక చూసింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

రోజుకు మూడుసార్లు ఆమె ముందుకు నన్ను తెచ్చారు. ఇరవై మూడు రోజుల్లో అరవై తొమ్మిది సార్లు. అన్నిసార్లూ సున్నా. కట్టు మార్చేటప్పుడు కూడా సున్నా. పక్క మంచం పిల్లవాడు ఏడిస్తే పోలమ్మ సలోమిని చూపించేది. "ఆ అక్కను చూడరా. మగాడివయ్యుండి సిగ్గులేదూ? ఆ పిల్ల బంగారం."

బంగారం నిద్రపోయేది కాదు. స్టీలు ట్రే చప్పుడైతే దుప్పటి నోట్లో కుక్కుకునేది. స్ట్రెచర్ చక్రాల చప్పుడు దగ్గరైతే కళ్లు మూసుకుని, అది దాటిపోయేదాకా తెరిచేది కాదు.

"తొమ్మిదేళ్ల పిల్ల పక్క తడుపుతోందే పోలమ్మా" అంది రూతమ్మ.

"మందుల వేడిలే" అంది పోలమ్మ.

ఇరవయ్యో రోజు నుంచి సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడసాగింది. నొప్పి సున్నా అని ఉంది కాబట్టి జలుబుకు మాత్ర రాశారు. ఇరవై ఐదో రోజున ఇంటికి పంపాలనుకున్నారు.

ఇరవై నాలుగో రోజు ఉదయం హైమావతి నన్ను స్పిరిట్‌తో తుడిచి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుంది. మొదటి ముఖం మీద ప్లాస్టిక్ గుంటలు పడి ఉంది. ఒకదాని మీద ఒకటి, నెలవంకల్లా గోటి గుర్తులు. నొప్పి లేని పిల్లలు సున్నా మీద వేలు ఆనిస్తారు. అంత గట్టిగా నొక్కరు.

ఆమె వెళ్లి సలోమి మంచం మీద కూర్చుంది. నొప్పి ఎంత అని అడగలేదు.

"మీ తమ్ముడైతే ఏది చూపిస్తాడే?"

సలోమి నన్ను చూసింది. ఆరో ముఖం మీద వేలు పెట్టింది.

"చూపించాడుగా. అందుకే తీసుకుపోయారు."

"ఎక్కడికి?"

"చచ్చిపోయినోళ్ల కాడికి."

"ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మ తల తడుపుకొని వచ్చింది. తాత పోయినప్పుడూ అట్టాగే వచ్చింది." ఆరో ముఖం మీంచి వేలు తీసేసింది. "నేను చూపిస్తే నన్ను కూడా తీసుకుపోతారు. అమ్మకి ఇంకెవరూ లేరు."

హైమావతి నన్ను చేతిలో పట్టుకునే వరండాలోకి వచ్చింది. రూతమ్మ ఉతికిన దుప్పటి ఆరేస్తోంది.

"చెబితే పిల్ల గుండె ఆగిపోద్దని చెప్పలేదు సిస్టరమ్మా."

"నువ్వు తల తడుపుకొని వచ్చిన రోజు నుంచే దానికి తెలుసు రూతమ్మా. నువ్వు దాస్తున్నావనీ తెలుసు."

మధ్యాహ్నానికి స్కానింగ్ చేశారు. లోపల ప్లేటు వేసిన చోట ఎముక చుట్టూ చీము పట్టింది. మళ్లీ ఆపరేషన్ చేయాలన్నారు. ఆలస్యం చేస్తే కాలు తీసేయాల్సి వస్తుందన్నారు. డాక్టరు మంచం దగ్గరికి వచ్చి చెప్పబోతుంటే సలోమి మంచం కమ్మీ పట్టుకుంది.

"నేను నొప్పనలేదుగా సార్. ఎందుకు తీసుకుపోతన్నారు?"

డాక్టరు పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

రూతమ్మ కూతురి పక్కన కూర్చుంది. "నొప్పి అన్నందుకు పోలేదమ్మా వాడు. పొట్టలో దెబ్బ తగిలింది. ఆటోలో ఒళ్లో కూకోబెట్టుకోవాల్సిందాన్ని, అంచున కూకోబెట్టా. సోమారం ఊళ్లో మట్టి చేసొచ్చా. టీ తాగలేదు నేను."

తల్లీకూతుళ్లు ఏడవడం ఆ వార్డు అప్పుడే మొదటిసారి విన్నది. పోలమ్మ బకెట్ పక్కన పెట్టి, పక్క మంచం పిల్లవాణ్ని బయటికి తీసుకుపోయింది.

ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా సలోమి నన్ను పట్టుకుంది. అక్కడ నన్ను తల్లి చేతికిచ్చింది. రెండు గంటల పది నిమిషాలు రూతమ్మ బల్ల మీద కూర్చుని, ఆరో ముఖం మీద అరచేయి మూసి పెట్టుకుంది. సలోమి అదే తలుపులోంచి బయటికి వచ్చింది.

తర్వాత వార్డుకు కొత్త అట్టలు వచ్చాయి. గుంటలు పడ్డాయని నన్ను పాత రిజిస్టర్ల బీరువాలో పెట్టారు. సలోమి కాలు నిలుస్తుందో లేదో ఆరు వారాల తర్వాతే చెప్పగలమని డాక్టరు రాశాడు. ఆ ఆరు వారాలూ ఇంకా పూర్తి కాలేదు.

నా మీద చివరిగా వేలు పెట్టింది సలోమే. రెండో ఆపరేషన్ అయిన మూడో రోజు, ఉదయం ఎనిమిది గంటలకు. నాలుగో ముఖం. హైమావతి షీటులో ఆరు అని రాసింది.