శుక్రవారం తీసిన రక్తం

"బక్ష్యాలు మాత్రం నువ్వే చెయ్యాల పల్లవీ. నీ చేతివైతే మెత్తగా వస్తాయి," అంది రుక్మిణమ్మ, బొబ్బట్లలోకి కొబ్బరి తురుముతున్న కోడలి పక్కన పీట వేసుకుని. "రేపు సాయంత్రం భావనకు గాజులు తొడిగేటప్పుడు మాత్రం వంటింట్లోనే ఉండమ్మా. మూడు కడుపులు పోగొట్టుకున్నదానివి. నాకేం పట్టింపు లేదు, నలుగురూ ఏమన్నా అనుకుంటారని."

భావన పల్లవికి ఆడపడుచు. ఏడో నెల. సీమంతం ఈ ప్రొద్దుటూరు ఇంట్లోనే, అరవై మందికి భోజనాలు. పిండి పిసకడానికి పనికొచ్చే చేతులు గాజుల దగ్గరికొచ్చేసరికి మైలపడతాయి కాబోలు అనుకుంది పల్లవి. తురమడం మాత్రం ఆపలేదు. ఎనిమిదేళ్ల అలవాటు.

ఆమె మెడికల్ కాలేజీ ల్యాబులో పరిశోధకురాలు. పదేపదే గర్భం పోయే ఆడవాళ్ల రక్తం మీద మూడేళ్లుగా పని చేస్తోంది. కొందరి ఒళ్లు తన మీద తానే కయ్యానికి దిగుతుంది. అలాంటి రక్తం ట్యూబులో ఆలస్యంగా గడ్డకడుతుంది, ఒంట్లో మాత్రం తొందరపడి గడ్డకట్టి బిడ్డకు తిండి వెళ్లే దారి మూసేస్తుంది. ట్యూబు లెక్క చూసి రక్తం పల్చబడిందని ఖర్జూరాలు తినిపించిన ఇళ్లు ఆమెకు ఎన్నో తెలుసు. జమ్మలమడుగు నుంచి లింగాల దాకా నూట పది మంది ఆడవాళ్లు ఆమె పుస్తకంలో ఉన్నారు. అందులో నలభై ఒకటో నంబరు తనదే. ఆ సంగతి టెక్నీషియన్ ఆయేషాకు తప్ప ఎవరికీ తెలియదు. మొదటి పరీక్షలో దోషం కనిపించింది. పన్నెండు వారాలు దాటాక మళ్లీ కనిపిస్తేనే జబ్బని రాయాలి. ఆ గడువు దాటి పది రోజులైంది. అందరికీ తేదీలు గుర్తుచేసే మనిషి తన తేదీని వాయిదా వేసుకుంటూ వచ్చింది. జబ్బు కాదని తేలితే తప్పంతా మళ్లీ తనదే అవుతుందని భయం. "ఊళ్లోవాళ్ల కడుపులు నిలబెడతావు గానీ..." అని మొగుడు కౌండిన్య సగంలో ఆపేస్తాడు. మిగతా సగం ఆమె మింగాలి.

అప్పుడే ఫోన్ మోగింది. సింహాద్రిపురం నుంచి నందిని. ఆమె పుస్తకంలో ఉన్న, రెండు గర్భాలు పోయిన పిల్ల. మొదటి పరీక్షలో ఆమెకూ దోషమే.

"మేడం, మళ్లా నెల తప్పింది. శానా బయంగా ఉండాది."

రక్తం గడ్డకట్టకుండా వేసే సూదిమందు మొదలుపెడితే రెండో పరీక్ష సరిగ్గా రాదు. ముందు రక్తం తీయాలి, వెంటనే సూది వేయాలి. "రేపే పులివెందులకు రా," అంది పల్లవి. కొబ్బరి చిప్ప పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

మర్నాడు పులివెందుల ఆసుపత్రి గదిలో నందిని అత్త వెంకటరమణమ్మ కోడలికి అడ్డంగా కూర్చుంది. "శుక్రారం పూట ఇంటి కోడలి రక్తం బయటికియ్యం తల్లీ. మా ఇంట్లో ఆచారం లేదు. ఇంకోనాడు తీసుకో."

"రేపు శనివారమంటారు, ఎల్లుండి అమావాస్య. మంగళవారం పనికిరాదు. అంతవరకూ బిడ్డ ఆగుతాదా పెద్దమ్మా?" అంది పల్లవి.

"నీకేం, చెప్తావు. పోగొట్టుకున్నోళ్లకు తెలుస్తాది."

పల్లవి కుర్చీలో కూర్చుని చీర కొంగు తప్పించి చేయి చాచింది. "ఆయేషా, నీలి మూత ట్యూబు తీయమ్మా. ముందు నలభై ఒకటో నంబరు."

రక్తం ట్యూబులో గీత దాకా వచ్చింది. వెంకటరమణమ్మ కన్నార్పకుండా చూసింది. "నీకూ పోయినాయా?"

"మూడు."

"నా కొడుకు కార్తీక్‌కు ముందు నాకూ రెండు పోయినాయి. యాడా చెప్పుకోల్యా," అంది ముసలావిడ. లేచి పక్కకు జరిగింది.

పల్లవి నందిని ముంజేతి మీది మట్టిగాజులు ఒక్కొక్కటే కిందికి జరిపి, మోచేతి పైన పట్టీ కట్టి రక్తం తీసింది. ఒక్కటీ చిట్లలేదు. పావుగంటకల్లా డాక్టరు మొదటి సూది వేశారు.

కౌండిన్య ఫోన్. "ఎక్కడున్నావు? అమ్మ కాళ్లు కాలిన పిల్లిలా తిరుగుతోంది. బక్ష్యాలు ఎవరు చేస్తారు?"

పల్లవి మోచేతి దగ్గర దూది నొక్కి పట్టుకుంది.

"వంటమనిషిని పిలిపించుకోండి. నేను సాయంత్రానికి వచ్చి భావనకు గాజులు తొడుగుతాను. అత్తయ్యకు ముందే చెప్పండి."