బావమరిది వేసిన ఎత్తు

బావమరిది బతుకు కోరతాడంటారు. ఉపదేశిగారి బావమరిది కోరడంతో ఆగే రకం కాదు, బావ బతుకు మార్చేదాకా నిద్రపోడు. ప్రార్థనతో రోగాలు నయం చేస్తామనే స్వస్థత సభలకు స్టేజీలూ మైకులూ కుదర్చడం అతని పని.

"బావా, ఒక్క సాయంత్రం వస్తే చాలు! నీ ప్రార్థన గదికి వారంలో పైకప్పు వేయించే పూచీ నాది!"

ఉపదేశిగారి గుండె గంతేసింది. గాలివానకు రేకులు ఎగిరిపోయినప్పటి నుంచీ ఆయన టార్పాలిన్ కిందే వాక్యం చెబుతున్నారు. పక్కనే బస్సు డిపో. హారన్ల మీదుగా అరిచి అరిచి గొంతు కంచుగంట అయింది గానీ, వినేవాళ్ళు వారం వారం పలచబడుతున్నారు. తడుస్తూ ఎవరు మాత్రం వింటారు?

"నేనేం చెయ్యాలిరా?"

"సాక్ష్యం చెప్పాలి. అంతే."

సాక్ష్యమంటే ఆయనకు ప్రాణం. కానీ ఈ సాక్ష్యానికి నోటితో పనిలేదు, కాలితో పని. ఆయన ఎడమకాలు పుట్టుకతోనే కుడికాలి కంటే నాలుగు వేళ్ళ వెడల్పంత పొట్టి. భార్య కుట్టిన ఎత్తు బూటు తొడిగితే తిన్నగా నడుస్తారు, లేకపోతే కుంటుతారు. బావమరిది ఎత్తు ఏమిటంటే, ఉత్త కాళ్ళతో కుంటుతూ స్టేజీ ఎక్కాలి. ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టగానే స్టేజీ మీది బల్ల చాటున ముందే దాచిన బూట్లు తొడిగి, పొడుగు ప్యాంటు కిందికి లాగి, తిన్నగా నడవాలి.

"మోసం కదరా!"

"పైకప్పు నా ఇంటికా బావా, దేవుడి ఇంటికి కదా!"

భార్యను అడిగారు. "నేను బూటు కుట్టింది మీరు నడవడానికి" అని మాత్రం అంది. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. చెవి నిండా కొత్త రేకుల చప్పుడే.

సభ రోజు చూడాలి, ఇసుక వేస్తే రాలనంత జనం! డ్రమ్ములు దడదడలాడుతున్నాయి. ఉపదేశిగారు కుంటుతూ ఎక్కారు, తల మీద చెయ్యి పడింది, బల్ల చాటుకు వెళ్ళి బూట్లు తొడిగారు. తిన్నగా నాలుగడుగులు వేశారో లేదో, మైదానం హోరెత్తిపోయింది! ఒళ్ళు పులకరించింది. నిజం చెప్పొద్దూ, తన కాలు పెరిగిందని ఆ క్షణాన ఆయనే నమ్మబోయారు.

అప్పుడు ముందు వరసలో ఒక తల్లి కనబడింది. ఒక కాలు పొట్టిగా ఉన్న కూతుర్ని చంకలోంచి దించి, "ఆయన నడిచాడుగా, నువ్వూ నడువమ్మా!" అంటోంది. పిల్ల అడుగు వేసి పడింది. "నమ్మకంతో వెయ్యవే!" మళ్ళీ పడింది. తప్పంతా తనదే అన్నట్టు పిల్ల తల దించుకుంది.

ఉపదేశిగారు వంగి ఎడమ బూటు ఊడబీకి పైకెత్తారు.

"అయ్యా, అమ్మా! నాకే స్వస్థతా జరగలేదు! ఇది మా ఆవిడ కుట్టిన బూటు! చూడండి దీని ఎత్తు!"

మైకు టక్కున ఆగిపోయింది. ఆగితేనేం, బస్సు హారన్లను గెలిచిన గొంతు అది!

"దేవుడు పిలిచినప్పుడు కుంటుతూనే ఉన్నాను! ఇప్పుడూ కుంటుతున్నాను! పిలుపు మాత్రం పోలేదు! పాపా, నీకు నమ్మకం లేక పడలేదమ్మా! నేను అబద్ధమాడితే పడ్డావు!"

చివరి వరస దాకా ఖంగుమంది. కొందరు తిట్టారు, ఎవరో సీసా విసిరారు. ఆయన ఒంటి బూటుతో కుంటుతూ, కింద భార్య నిలబడ్డ వైపు మెట్లు దిగారు. చిత్రం, ఈల వేయాలనిపించేంత సంతోషంగా ఉంది!

బావమరిది తల పట్టుకుని ఎదురొచ్చాడు. "పైకప్పు పోయింది బావా!"

"అది గాలివానకే పోయిందిరా!"

వెనక నుంచి ఎవరో చొక్కా లాగారు. ఆ తల్లే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొట్టినా పడాల్సిందే అనుకుని ఆయన నిలబడ్డారు. ఆమె మాత్రం ఆయన చేతిలోని బూటునే చూస్తోంది.

"ఇలాంటిది... పిల్లలకి కూడా కుడతారా?"

ఉపదేశిగారు భార్య వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే నేల మీద చతికిలబడి పిల్ల కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది.

"తిన్నగా చాపు బంగారం," అని వేళ్ళతో కొలిచింది. "మూడు వేళ్ళే! మా ఆయన కంటే నువ్వే నయం."