హాల్వర్‌సన్ వంటిల్లు

సుప్రజ చింతపండు పిసుకుతుంటే హాల్లో సోఫా మీంచి భర్త భరద్వాజ్ మాట వినిపించింది. “ఆ ముసలాయన జీవితచరిత్ర కూడా ఓ నాలుగు స్లైడ్లు చేసి పెట్టెయ్యవా? నీకు ఎలాగూ ఖాళీయేగా.” ఖాళీయే. స్టవ్ మీద ఓ పక్క పప్పు, ఇంకో పక్క పొంగడానికి సిద్ధంగా పాలు, వాషింగ్ మెషీన్లో ఆయన తెల్ల చొక్కాలు, తన చేతులకి మణికట్ల దాకా పులుసు. ఇంత ఖాళీ మనిషి కువైట్‌లో ఈ ఫర్వానియా పేట మొత్తం గాలించినా దొరకదు. అయినా ఆమె నోటి నుంచి వచ్చింది మాత్రం “సరేనండీ” అనే. ఆ మాట తన ప్రమేయం లేకుండా ఎలా వచ్చేస్తుందో ఏడేళ్లుగా ఆమెకి అర్థం కావడం లేదు.

ముసలాయన అంటే హాల్వర్‌సన్. వందేళ్ల కిందట అమెరికాలో, నెబ్రాస్కా మైదానాల్లో ఇళ్లూ బడులూ కట్టిన ఆర్కిటెక్ట్. అక్కడి నాలుగు జిల్లాలు దాటితే ఆయన పేరు ఎవరికీ తెలియదు. అలాంటివాడు కువైట్ దాకా వచ్చాడంటే అబూ బదర్ పుణ్యమే. అల్ రాయ్‌లో పెద్ద కార్ల షోరూమ్ ఉన్న ఈ పెద్దమనిషి కుర్రతనంలో అక్కడ చదువుకున్నాడు. హాల్వర్‌సన్ కట్టిన ఇంట్లోనే మేడ మీద గది అద్దెకి తీసుకుని ఉన్నాడు. ఇప్పుడు అరవై దాటాక, ఊరికి దూరంగా ఎడారిలో, వఫ్రాలో ఉన్న తన తోటలో అచ్చం అలాంటి ఇల్లే కావాలని పట్టుపట్టాడు. ఆ నేలా ఈ నేలా ఒకటేనట, ఎటు తిరిగినా ఆకాశమేనట. ఆ పని భరద్వాజ్ వాళ్ల కన్సల్టెన్సీకి వచ్చింది. ఇది కుదిరితే ఆయన డిజైన్ హెడ్ అవుతాడు.

భరద్వాజ్ సివిల్ ఇంజినీరు. గోడ నిలబడుతుందో లేదో చెప్పగలడు. ఎక్కడ నిలబడాలో చెప్పేది సుప్రజ. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివి, అక్కడే రెండేళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఒక మాల్‌లో ఫుడ్ కోర్టు డ్రాయింగులకి “కాస్త సాయం చెయ్యవా” అన్నాడు. తర్వాత ఒక బడి. తర్వాత ఎవరిదో క్లినిక్. ప్రతిసారీ “ఇదొక్కటి అయిపోనీ సుప్రజా, నీ వర్క్ వీసా సంగతి చూద్దాం” అనేవాడు. అది అయిపోయేది, ఇంకొకటి వచ్చేది. ఈసారి మాత్రం ఆమె మనసులో ఒక గీత గీసుకుంది. ఈ ఇల్లు తనది. దీని మీద తన పేరు ఉండాలి. కానీ ఆ మాట పైకి ఎలా అనాలో, అంటే ఇంట్లో ఏమవుతుందో తేలక, గీత దగ్గరే నిలబడిపోయింది.

చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది! చెడ్డవాడు కాదే, అదే వచ్చిన చిక్కు. పెళ్లిరోజుకి పెద్ద మానిటర్ కొనిచ్చాడు. “నీ కళ్లు పాడవుతున్నాయి, చిన్న స్క్రీన్ మీద గీయకు” అన్నాడు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు ఆ మానిటర్ మీద ఆయన ఆఫీసు పార్కింగ్ లేఅవుట్ గీస్తుంటే, నిన్న తిరిగిన నీళ్లు ఏ జాతివో తెలియలేదు. అది నగా, ఎద్దు మెడకి కొత్త కాడియా? రెండూ అయ్యే వీలుందా? విజయవాడ నుంచి వీడియో కాల్‌లో అత్తగారు, “వాడు ఆఫీసు నుంచి వచ్చి కూడా గీస్తూనే ఉంటాడటగా పాపం. కాస్త మజ్జిగైనా ఇస్తున్నావా అమ్మా?” అని అడిగారు. ఇస్తున్నానండీ అంది. మజ్జిగా ఇస్తోంది, గీసీ ఇస్తోంది. ఆ రెండోది ఎందుకు చెప్పలేకపోయిందో తర్వాత ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ కాల్ అంతసేపూ భరద్వాజ్ తన పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు మరి.

అలా హాల్వర్‌సన్ జీవితం ఆమె చేతిలో పడింది. వడ్రంగి కొడుకు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని డ్రాయింగ్ నేర్చుకున్నాడు. షికాగోలో ఎవరి ఆఫీసులోనో ఎవరి పేరు మీదో కొన్నేళ్లు గీశాడు. తిరిగొచ్చి సొంత ఊళ్లో బ్యాంకు మేడ మీద ఒక గదిలో బోర్డు పెట్టాడు. గోధుమకి ధర ఉన్న రోజుల్లో ఊరికొక లైబ్రరీ, పెద్ద కోర్టు, ధాన్యం వ్యాపారుల ఇళ్లు కట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ధరలు పడిపోయి బ్యాంకులు మూతపడితే, కోర్టు కట్టిన చేత్తోనే కోళ్ల షెడ్లు గీశాడు. చివరికి గవర్నమెంటు కరువు పనుల కింద నాలుగు బడులు కట్టి కన్నుమూశాడు. కోళ్ల షెడ్ల దగ్గరికి వచ్చేసరికి సుప్రజకి ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఫుడ్ కోర్టు మురుగు గొట్టాలు గీసినప్పుడు తనూ అంతే శ్రద్ధగా గీసింది. ఆయన షెడ్ల మీద మాత్రం ఆయన పేరుంది.

ఆమెని పట్టి కుదిపింది వంటిళ్లు. మొదట్లో ఆయన కట్టిన ఇళ్లలో వంటిల్లు అందరి ఇళ్లలో లాగే వెనక చీకట్లో ఉంది. ఉన్నట్టుండి ఒక ఏడాది నుంచి అది ముందుకి వచ్చేసింది. రోడ్డు కనిపించేలా పెద్ద కిటికీ. పిండి కలిపే చోట బల్ల కాస్త కిందికి. కూర్చుని తరుక్కోవడానికి ముక్కాలి పీటకి చోటు. పొయ్యికీ నీళ్లకీ మధ్య రెండడుగులే. పుస్తకాల్లో చదివి గీసిన వంటిల్లు కాదది, మోకాళ్లు నొప్పి పుట్టిన మనిషి గీసినది. సుప్రజకి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆడమనిషి ఉంది ఇక్కడ! ఎక్కడో ఓ పెళ్లాం, బ్యాంకు మేడ మీద, దీపం ముందు కూర్చుని గీసి ఇస్తోంది. ఆయన సంతకం పెడుతున్నాడు. వారం రోజులు సుప్రజ ఆమెని వెతికింది. అంట్లు తోముతూ ఆమెకి పేరు పెట్టింది, బట్టలు ఆరేస్తూ ఆమెతో గొడవ పడింది. “నువ్వైనా చెప్పవేం?” అని అడిగింది.

ఆ ఊరి చరిత్ర సంఘం వాళ్ల వెబ్‌సైట్‌లో దొరికింది జవాబు. హాల్వర్‌సన్ పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే నాలుగేళ్లు ఆయనే వండిపెట్టాడట. ఆ నాలుగేళ్ల తర్వాతే వంటిళ్లు మారాయి.

సుప్రజకి ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు. మంచి సంగతేగా? ఒక మగవాడు పొయ్యి దగ్గర నిలబడ్డాడు, నేర్చుకున్నాడు, నేర్చుకున్నది ఇంటింటికీ పంచాడు. సంతోషించాల్సింది పోయి, తోడబుట్టినదాన్ని ఎవరో లాక్కుపోయినట్టు కూలబడింది. అన్యాయం జరిగిన అక్క ఒకతె ఉంటే తన సంగతి ఆమెతో పాటు తేలిపోయేది. ఇప్పుడు తనొక్కతే మిగిలింది. ఇంకో సంగతీ గుచ్చుకుంది. నాలుగేళ్లు వండినందుకు ఆ సంఘం వాళ్లు ఆయన్ని మేధావి అన్నారు. చదువూ వంటిల్లూ రెండూ ఉన్న తనది సాయం. సాయంత్రం భరద్వాజ్‌కి చెబితే పగలబడి నవ్వాడు. “చూశావా, మగాళ్లకీ తెలుసు వంటిల్లు!” “అయితే రేపు మీరు వండండి.” “నేను వండితే తినగలవా నువ్వు?” అని ఆమె బుగ్గ గిల్లి టీవీ పెట్టుకున్నాడు. జోకుకి జోకు, సరిపోయింది. ఆమెకి మాత్రం ఆ నవ్వులో తను కలిసిందో, ఆ నవ్వు తన మీదో తేలలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అబూ బదర్ ఇంటికి పిలిచాడు, కుటుంబంతో రమ్మన్నాడు. కుటుంబంతో అంటే గుమ్మం దగ్గర విడిపోవడమే. మగవాళ్లు దీవానియాలోకి, అంటే మగ అతిథుల హాల్లోకి. ఆడవాళ్లు పక్క వాకిలి గుండా లోపలికి. కారు దిగే ముందు భరద్వాజ్, “నీ లాప్‌టాప్ కూడా తెచ్చుకో, ఏదైనా కావాలంటే వాట్సాప్ చేస్తాను, వెంటనే చెప్పెయ్” అన్నాడు. ఆ పద్ధతి వాళ్లకి అలవాటే. ఇంతకుముందు రెండు మీటింగుల్లో ఆయన బల్ల కింద ఫోన్ పెట్టుకుని అడిగాడు, ఈమె ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ జవాబులు పంపింది. ఆయన వాటిని గొంతు సవరించుకుని చెప్పాడు.

లోపల సోఫాలో ఉమ్మ్ బదర్ కూర్చుని ఉంది. అబూ బదర్ భార్య, రిటైరైన లెక్కల టీచరు. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. గహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు తెచ్చిన పనిమనిషి సుప్రజ బొట్టు చూసి ఆగిపోయింది. “తెలుగోళ్లాక్కా మీరు? మాది రాయచోటి. గంగాదేవి నా పేరు” అంది సంబరంగా. ఈలోపు సుప్రజ ఫోన్ మోగింది. “లైబ్రరీలు ఏ రాయితో కట్టాడు?” సున్నపురాయి అని కొట్టింది. మళ్లీ మోగింది. “వరండా అంత వెడల్పు దేనికి?” పడమటి ఎండకి. ఉమ్మ్ బదర్ ఖర్జూరం నములుతూ చూస్తోంది.

“ఎవరు, అన్నిసార్లు?”

“మా ఆయన.”

“గోడ అవతల ఉన్నాయనేనా?” నవ్వింది. “మా ఇంటి గురించి అడుగుతున్నాడా నిన్ను? చూపించు మరి. నన్నైతే ఎవరూ అడగలేదు. ఎవరో అమెరికా ముసలమ్మ నలభై ఏళ్ల కిందట ఈయనకి సూప్ పెట్టిందట. ఆవిడ వంటిల్లు నాకు కడుతున్నాడు.”

సుప్రజ లాప్‌టాప్ తెరిచింది. ఉమ్మ్ బదర్ కళ్లద్దాలు పెట్టుకుని వంటిల్లు చూడగానే తల అడ్డంగా ఊపింది. దారి వైపు కిటికీనా? తోటకి వచ్చే లారీ డ్రైవర్లు, కూలీలు అందరూ అటే పోతారు. వంటింట్లో ఆడవాళ్లు వాళ్ల కళ్ల ముందు నిలబడాలా? అస్సలు కుదరదు. సుప్రజ మొహం వేడెక్కింది. ఎవరూ తనని అడగరని ఏడేళ్లుగా ఏడుస్తున్న మనిషి, ఈ ఇంట్లో ఉండబోయేవాళ్లని ఒక్క మాట అడగలేదు. హాల్వర్‌సన్ మీద ప్రేమతో ఆయన కిటికీని తెచ్చి ఎడారిలో పెట్టేసింది. ఎవరి వంటిల్లని గీసింది తను? తనకే తెలియలేదు.

గంగాదేవి కప్పులు తీయడానికి వచ్చి తెర వైపు తొంగి చూసింది. “చలికాలమంతా వఫ్రా తోటలోనే ఉంటాం మేము. నువ్వేమంటావ్?” అని ఉమ్మ్ బదర్ కిటికీ చూపిస్తూ అడిగితే గంగాదేవి సుప్రజ వైపు తిరిగింది. “మామాకి, అదే మా మేడమ్‌కి, నువ్వే చెప్పక్కా. కిటికీ ముయ్యొద్దని చెప్పు. ఆ ఎడారిలో పొద్దస్తమానం గోడ సూసుకుంటా వండాలంటే పిచ్చి లేస్తాది. యాడన్నా ఒక మనిషి మొగం అగుపడితే సాలు.” సుప్రజ ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పింది. ఉమ్మ్ బదర్ కనపడకూడదంటుంది, గంగాదేవి కనపడాలంటుంది. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి మధ్యా సుప్రజ మౌస్ పట్టుకుని ప్లాన్‌ని అటూ ఇటూ జరిపి చూసింది.

చూస్తూ ఉండగా కనపడింది. ఇంటి నడుమ నాలుగు గదుల మధ్య ఒక హోష్ పెట్టింది తను, ఇక్కడి పద్ధతిలో, పైన ఆకాశం ఉన్న వాకిలి. వంటింటికీ దానికీ మధ్య నిండు గోడ. నెబ్రాస్కాలో మంచు కురుస్తుంది కాబట్టి హాల్వర్‌సన్‌కి ఆ గోడ కావాలి. ఇక్కడ దేనికి? దారి వైపు కిటికీ మూసేసింది. హోష్ వైపు గోడని పట్టుకుని తీసేసింది. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడితే వాకిలి మొత్తం కనిపిస్తుంది. కూర్చున్న పిల్లలు, నడవలోంచి వచ్చే ఇంటివాళ్లు, అందరూ కనిపిస్తారు. దారిన పోయే ఒక్కడికీ వంటిల్లు కనిపించదు. “చేపల వాసన?” అంది ఉమ్మ్ బదర్. సుప్రజ ఆకాశం వైపు వేలు చూపించింది. ఉమ్మ్ బదర్ మెల్లిగా నవ్వింది. గంగాదేవికి తెలుగులో చెబితే, “అట్లయితే సరేక్కా” అని కప్పులు పట్టుకుపోయింది.

“నీ భర్త ఒప్పుకుంటాడా?”

“గీసేది నేను” అంది సుప్రజ. అనేశాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. భయమేసింది కూడా. గోడ అవతల ఆయన డిజైన్ హెడ్ కాబోతున్నాడు. చెడగొడుతోందా? కాపురంలో మంట పెడుతోందా? మానిటర్ కొనిచ్చిన మనిషిని నలుగురిలో తల దించుకునేలా చేస్తోందా? ఏమీ తేలలేదు. తేలేదాకా ఆగితే ఇంకో ఏడేళ్లు పడుతుందని మాత్రం తెలిసింది.

ఉమ్మ్ బదర్ తన ఫోన్ తీసింది. “నంబర్ చెప్పు. ఇంక నేను నీతోనే మాట్లాడతాను. ఏమని రాసుకోను?”

“సుప్రజ. ఆర్కిటెక్ట్.”

అదే క్షణాన ఒళ్లో ఫోన్ వణికింది. భరద్వాజ్. “వంటింటికీ వాకిలికీ మధ్య ఆ గోడ ఎందుకని అబూ బదర్ అడుగుతున్నాడు. తొందరగా చెప్పు.”

ఎప్పటిలా వేళ్లు గబగబా కదలబోయాయి. మంచు సంగతి, పొగ సంగతి, ఆ గోడకి వంద కారణాలు ఆమె దగ్గర ఉన్నాయి. వేళ్లని ఆపుకుంది. తర్వాత ఒక్కో అక్షరమే కొట్టి పంపింది.

“అక్కడ ఇప్పుడు గోడ లేదండీ, తీసేశాను. ఎందుకని ఆయన అడిగితే, గీసిన మనిషి ఈ పక్క గదిలో ఉందని చెప్పండి.”