ఆపకూడని కంప్యూటరు

మా మామిడి యార్డులో ఏసీ ఉన్నది ఒక్క కాటా గదిలోనే. అది మనుషుల కోసం పెట్టింది కాదు, కంప్యూటరు కోసం పెట్టింది. లారీ వచ్చి కాటా ఎక్కితే బరువు ఆ కంప్యూటరులో పడుతుంది, చీటీ బయటికి వస్తుంది. దాని ముందు కుర్చీలో మౌనిక కూర్చుంటుంది. డిగ్రీ చదివింది, పెళ్ళి కాలేదు. నేను రేకుల షెడ్డులో వరిగడ్డి పరుచుకుని కాయ ఏరతాను. పక్కనే చీర ఉయ్యాలలో మా పాప. గడ్డి దుమ్ముకి దానికి పిల్లికూతలు వస్తాయి. అది డొక్కలెగరేస్తుంటే చూస్తూ, చేతిలో కాయ ఏ ట్రేలో వెయ్యాలో మరిచిపోయేదాన్ని.

మధ్యాహ్నం పూట పాప ఆ చల్లని గదిలో పడుకుంటే చాలనుకున్నాను. అది అక్కడ పడుకోవాలంటే ఆ కుర్చీ నాది కావాలి.

కంప్యూటరు నడుమ నడుమ బిగుసుకుపోయేది. మౌనిక ఏవో మీటలు నొక్కి రీస్టార్ట్ చేసేది. డ్రైవరు కిందికి దిగి లుంగీ సర్దుకునేలోగా తెర వెలిగేది. ఆ పిల్ల హస్తవాసి మంచిదని మా యజమానురాలు ప్రమీలారాణిగారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. సీజను తొలి చీటీ కూడా ఆ చేత్తోనే కొట్టించారు. లోడింగు జట్టులో పనిచేసే మా ఆయన శివ, ఒకనాడు అన్నం తింటూ అదే మాటన్నాడు. మీట నొక్కడానికి హస్తవాసి ఏమిటి? నేనూ ఇంటరు మొదటి సంవత్సరం దాకా చదివినదాన్నే. మధ్యలో మాన్పించి పెళ్ళి చెయ్యకపోతే ఆ మీటలు నేను నొక్కలేకపోయేదాన్నా?

చింతలపూడిలో పిన్ని కూతురి పెళ్ళని మౌనిక సెలవు పెట్టింది. నేను అడగ్గా అడగ్గా ప్రమీలారాణిగారు నన్ను కూర్చోనిచ్చారు. సవ్యంగా చేస్తే ఇకమీదట మధ్యాహ్నాలు నీకే ఇస్తానన్నారు. వెళ్ళేముందు మౌనిక నాకు చీటీ కొట్టడం చూపించి, ఒక మాట రెండుసార్లు చెప్పింది.

"బిగుసుకుంటే రీస్టార్టే కొట్టు వదినా. స్విచ్ మాత్రం ఆపకు."

ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంది. అసలు కిటుకు నాకు దక్కకూడదని దాచుకుంటోంది అనుకున్నాను.

మొదటి రోజు బంగారంలా గడిచింది. పాప కుర్చీ పక్కన దుప్పటి మీద పడుకుని, పిల్లికూతలు లేకుండా నిద్రపోయింది. సాయంత్రం తాళం వేయబోతే నాకు భయం పట్టుకుంది. గోడకి అవతలంతా ఎండుగడ్డి, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంట్లో ఫోను ఛార్జరు కూడా పీకందే నేను పడుకోను. గోడ స్విచ్చులతో సహా అన్నీ ఆపేసి వెళ్ళాను.

పొద్దున్నే కంప్యూటరుకి బొట్టుపెట్టి మీట నొక్కాను. తెర నల్లగానే ఉంది. లోపలినుంచి ఆగి ఆగి ఒక కూత మొదలైంది. ఎన్నిసార్లు నొక్కినా అదే కూత. లారీలు గేటు దాటి విస్సన్నపేట రోడ్డు మీదకి బారులు తీరాయి. నాతోపాటు కాయ ఏరే నాగమణి తలుపులోంచి తొంగిచూసింది.

"నువ్వు ముట్టుకుంటే కాయే మాగదు, కంప్యూటరేం వెలుగుద్దే?"

అందరూ నవ్వారు. శివ కూడా తల పక్కకి తిప్పుకుని నవ్వాడు.

హనుమాన్ జంక్షన్ నుంచి మెకానిక్ సుభాష్ వచ్చి డబ్బా విప్పాడు. లోపలినుంచి ఒక పలక తీసి, దాని అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. అదే మెమరీ అని, దుమ్ముపట్టి వదులైందని చెప్పాడు. నేను ఆపడం వల్లే పోయిందా అని ప్రమీలారాణిగారు అడిగారు. సుభాష్ గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దిరాజుని చూపించాడు.

"టీ తాగడానికి బయటికెళ్ళొచ్చిన లారీని మీ పెద్దిరాజు చెయ్యూపి లోపలికి వదిలేస్తాడు కదండీ. రీస్టార్ట్ అంటే అదే. కరెంటు పోలేదు కాబట్టి మెమరీని మళ్ళీ తడిమి చూడదు. పూర్తిగా ఆపి మళ్ళీ వేశారనుకోండి, అది కొత్తగా వచ్చిన లారీ. పట్టా విప్పి అన్నీ చూస్తుంది. చూసింది కాబట్టే దొరికింది. ఈ జబ్బు నిన్నటిది కాదండీ."

నా ప్రాణం లేచొచ్చింది. నా తప్పు కాదు. తప్పంటూ ఉంటే మౌనికదే. కానీ ప్రమీలారాణిగారు ఇంకోలా అర్థం చేసుకున్నారు.

"అంటే, ఆపకుండా ఉంటే నడిచేదేగా?"

బిగుసుకుంటూ నడిచేదండీ, అన్నాడు సుభాష్. ఆవిడకి అది చాలు. అప్పటికే మౌనికకి ఫోను చేశారట. పెళ్ళింటినుంచి పట్టుచీరతోనే బస్సు దిగింది. పలక బిగించాక మీట నొక్కమని ఆమెకే చెప్పారు. తెర మీద అంకెలు మెల్లగా కదిలి కదిలి, వెలుగొచ్చింది. నీ చెయ్యి పడితేగానీ వినదమ్మా ఇది, అన్నారావిడ. సుభాష్ సంచి సర్దుకున్నాడు.

జనం చెదిరాక మౌనిక నన్ను ఆపింది.

"నేనూ విన్నాను వదినా ఆ కూత. ఓసారి కరెంటు పోయొచ్చినప్పుడు. డబ్బాని నాలుగు తట్లు తడితే వెలిగింది. అప్పట్నుంచి భయంతో రాత్రుళ్ళు కూడా ఆపలేదు. అమ్మగారికి చెప్పకు."

అదా హస్తవాసి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను ఏదో అనేలోగా ఆమె వంగి పాపని ఎత్తుకుంది.

"దీన్ని నా దగ్గర వదిలెయ్. రోజూ. ఇక్కడే పడుకుంటుంది."

నేను చెబితే మౌనికని తీసేస్తారేమో గానీ ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టరు. కావలసింది పాపకి చల్లదనమేగా అనుకుని తలూపాను.

ఇప్పుడు పాప మధ్యాహ్నాలు కాటా గదిలోనే. పిల్లికూతలు తగ్గాయి. జాలిపడి ఇచ్చిందో, నా నోరు కట్టెయ్యడానికి ఇచ్చిందో నాకు తెలియదు. నీళ్ళ వంకతో, గుడ్డల వంకతో మాటిమాటికీ వెళ్ళి గది తలుపు అద్దంలోంచి చూసి వస్తుంటాను. నిన్న వెళ్ళేసరికి పాప లేచే ఉంది. చేతులు చాపాను. నన్ను చూసి నవ్వింది గానీ, మౌనిక చున్నీని వదల్లేదు.