వరసైన లెక్క

పనసగెడ్డ బడిలో వరహాలరావు మాస్టారికి క్రమశిక్షణ అంటే ప్రాణం. ఆ మాటలో క్రమం ఆయనది, శిక్ష పిల్లలది. చివర మిగిలిన ‘ణ’ ఎవరిదో ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయనకీ తేలలేదు. చీపురుపల్లి మనిషి. ఊరి పేరుకి తగ్గట్టు ఎక్కడ చెత్త కనబడినా ఊడ్చి పారేసేవాడు. ఆయన దృష్టిలో నవ్వు కూడా చెత్తే. జేబులో పెన్నులు నలుపు, నీలం, ఎరుపు అన్న క్రమంలోనే నిలబడాలి. ఇక మాటకి రెండర్థాలు తీసేవాళ్లంటే ఒళ్లుమంట. శ్లేష ఆయనకి శ్లేష్మంతో సమానం. ఎవరైనా చమత్కరిస్తే జలుబు చేసినవాడిలా ముక్కు తుడుచుకుని పక్కకి తిరిగేవాడు.

అలాంటి మహానుభావుడికి, పెదబయలు కొండల మీద, మంచులో ముసుగుతన్ని పడుకునే ఆ రెండు గదుల బడిలో, సోని తగిలింది.

సోని ఐదో తరగతి. పుస్తకం తెస్తే పెన్సిలు మరుస్తుంది. పెన్సిలు తెస్తే పుస్తకం మరుస్తుంది. రెండూ తెచ్చిన రోజు ఆదివారం అయి ఊరుకుంటుంది. తేదీ వెయ్యమంటే తేదీ మారేదాకా వేస్తుంది. భాగహారం ఇస్తే మరీ ఘోరం. భాగం దగ్గర బయల్దేరి, హారం దాకా రాకుండానే కిటికీ అవతల మబ్బు వెంట వెళ్లిపోతుంది. మాస్టారు కేకేస్తే ఉలిక్కిపడి తిరిగొస్తుంది గానీ, ఎక్కడ ఆగిందో గుర్తుండదు. మళ్లీ మొదలుపెడదామంటే మొదలెక్కడో తెలియదు.

బద్ధకం అని తేల్చేశాడు మాస్టారు. బద్ధకానికి అన్ని కన్నీళ్లెందుకో మాత్రం ఆలోచించలేదు.

ఆలోచించేలా చేసింది సోములమ్మ. సోని అమ్మమ్మ. పిల్లని పెంచుతున్నది ఆవిడే. నవంబరు నెలాఖరులో ఒక పొద్దున్న కాఫీ తోటకి పోతూ పోతూ బడి గుమ్మంలో ఆగింది.

“బాబూ, పదేను రోజుల్లో పరీచ్చలంట గదా?”

“అవునమ్మా. అర్ధ సంవత్సరం పరీక్షలు.”

“పోయిన మూడు పరీచ్చలకీ ఇది తెల్ల కాయితమే ఇచ్చి వొచ్చీసింది. ఇంటికొచ్చి గోడకేసి తిరిగి ఏడుత్తాది. కూడు తిందు. ఈసారీ కాయితం తెల్లగా ఉంటే బడి మానిపించేత్తాను. నాతో కాఫీ పళ్లు కొయ్యడానికొత్తాది.”

“అదేమిటమ్మా, చదువు...”

“రాని సదువు కోసం గుంటని ఏడిపించడం ఎందుకు బాబూ? కాఫీ సెట్టు ఎవుల్నీ తిట్టదు.”

ఆవిడ కోపంగా అనలేదు. అందుకే మాస్టారికి గట్టిగా తగిలింది. ఇరవై రెండేళ్లలో తనకన్నా చెట్టుకి మార్కులు ఎక్కువ వేసినవాళ్లు లేరు.

మర్నాడు బోర్డు మీద భాగహారం మెట్లు నాలుగూ బారెడు అక్షరాలతో రాశాడు: భాగించు, గుణించు, తీసివెయ్యి, దించు. తరగతి చేత పదిసార్లు చదివించాడు. బోర్డు తుడిచాడు.

“సోనీ, లే. వరస చెప్పు.”

సోని లేచింది. బోర్డు వైపు కాదు, తరగతి వైపు తిరిగింది.

“భాను నాకు మేనత్త కూతురు. వదిన వరస. రవిబాబు పెద్దయ్య కొడుకు. అన్న వరస. సుక్రు ఆళ్లమ్మా మాయమ్మా అప్పసెల్లెళ్లు. అంచేత తమ్ముడు. గాని సుక్రు ఆళ్ల నాన్నవైపు తాత మా నాన్నకి మావ వరస. ఆ పక్కనించి బావవుతాడు. అందుకే మాయమ్మమ్మ ఆణ్ణి పేరెట్టి పిలమంది.”

తరగతి గొల్లుమంది. సుక్రు సిగ్గుతో బల్ల కింద దూరాడు.

“నేనడిగిన వరస అది కాదే!” అరిచాడు మాస్టారు.

“మరే వరస సారూ? మీదా?” సోని ఆయన్ని పైనుంచి కిందకి జాలిగా చూసింది. “మీకు వరస లేదు. మీరు కిందనించి వొచ్చారు.”

వరస లేని మనిషి అని చిన్నపిల్ల చేత అనిపించుకోవడం చిన్న విషయం కాదు. మాస్టారి చెయ్యి బెత్తం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. భాగహారంలో నాలుగు మెట్లు గుర్తుండని ఈ పిల్ల ఇప్పుడు ఎన్ని మెట్లు ఎక్కి దిగిందీ?

“పైడయ్యా!” అని కేకేశాడు. మధ్యాహ్న భోజనం వండే పైడయ్య గరిటెతో సహా వచ్చాడు. “సోనీ, ఈ పైడయ్యకి రవిబాబు వాళ్లమ్మ ఏమవుతుంది?”

“కోడలు వరస. రవిబాబు వాళ్లమ్మ తాతా, పైడయ్యకి పిల్లనిచ్చిన మావా అన్నదమ్ములు.” రెప్ప వెయ్యలేదు.

పైడయ్య గరిటె పట్టుకుని వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. “ఓలమ్మ! నిజమే బాబూ! నాకే తెల్దు! నిన్నే దాంతో దెబ్బలాడాను!”

నలభై రెండిళ్ల ఊరు. అందరికీ అందరూ ఏమవుతారో ఈ బుర్రలో ఉంది. అంటే బుర్రలో చోటు లేకపోవడం కాదు, అక్కడికి వచ్చిన అంకెల్ని పలకరించేవాళ్లు లేరు. అంకెలకి చుట్టాలు లేరు. అదీ వాటి లోపం!

ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక మాస్టారు సోని పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు. “ఇదిగో సోనీ, మీ ఇంట్లో విందు జరిగితే ఎవరేం చేస్తారు? వరసగా చెప్పు. చుట్టాల వరసే.”

సోని మొహం వెలిగింది. “ముందు మావ మాంసం పంచుతాడు. అప్పుడు అత్త హెచ్చులు పోద్ది, మా ఆయన ఇంత పంచాడు, అంత పంచాడు అని. బావ ఊరుకోడు గదా, ఇదేం పంపకమని తీసిపారేత్తాడు. అప్పుడు వదిన లోపలికెళ్లి ఇంకో కుండ దించుతాది. మళ్లీ మావ పంచుతాడు.”

మాస్టారు ముక్కు తుడుచుకోబోయి ఆగిపోయాడు. మావ పంచుతాడు: భాగించడం. అత్త హెచ్చుతుంది: హెచ్చవేత, అంటే గుణకారం! బావ తీసిపారేస్తాడు: తీసివేత! వదిన దించుతుంది: పక్క అంకె దించడం! మళ్లీ మావ! ఇరవై రెండేళ్లుగా పుస్తకంలో వెతుకుతున్న పద్ధతి ఈ పిల్ల ఇంట్లో పొయ్యి మీద ఉడుకుతోంది!

“పైడయ్యా!” అని లేచి గంతేశాడు. ఆ గంతుకి పెన్నులు మూడూ ఎగిరి, ఎరుపు పక్కనున్న పప్పు గిన్నెలో పడింది. ఆయన తియ్యలేదు.

అప్పట్నుంచి బోర్డు మీద కాపురాలు మొదలయ్యాయి. సోని పుస్తకం అంచున మావ, అత్త, బావ, వదిన నిలువుగా కూర్చున్నారు. ఒక్కొక్కరి పని అయ్యాక పక్కన చుక్క పెట్టాలి. మబ్బు వెంట వెళ్లినా పర్లేదు. తిరిగొచ్చాక చుక్క చూసుకుంటే ఎవరి దగ్గర ఆగిందో తెలుస్తుంది. పేపరు నిండా లెక్కలు చూస్తే బెదిరిపోతోందని మాస్టారు పాత క్యాలెండరు అట్టకి కిటికీ కోసి ఇచ్చాడు. ఆ కిటికీలోంచి ఒకసారికి ఒక్క లెక్కే తొంగిచూస్తుంది.

అన్ని రోజులూ పండగలు కావు. ఒకరోజు దించడం మరిచిపోయింది. “వదినేదే?” అంటే, “అలిగి పుట్టింటికెల్లిపోనాది సారూ” అంది. పూర్వమైతే మాస్టారు బెత్తం తీసేవాడు. ఇప్పుడు, “బతిమాలి తీసుకురా, బేగి!” అన్నాడు. తీసుకొచ్చింది. ఒకరోజు అట్టే మరిచిపోయింది. ఇంకో అట్ట కోశాడు. బడి వదిలేటప్పుడు రేపటికి ఏం తేవాలో పాటలా చెప్పించేవాడు. పదో రోజుకి పుస్తకం, పెన్సిలు, అట్ట, సోని నలుగురూ ఒకేసారి బడికొచ్చారు. వారం మధ్యలో!

పరీక్ష రోజు. పరీక్ష పెట్టడానికి పక్క ఊరి బడి నుంచి ప్రేమ్‌కుమార్ మాస్టారొచ్చాడు. కుర్రవాడు, ఖచ్చితమైనవాడు. సొంత మాస్టారు గదిలోకి రాకూడదని నియమం. వరహాలరావు వరండాలో కిటికీ రెక్క పట్టుకుని నిలబడ్డాడు. అరుగు మీద సోములమ్మ కూర్చుంది. తోటకి వెళ్లలేదు.

మొదటి లెక్క ఎనభై నాలుగుని నాలుగుతో. సోని అట్ట పెట్టింది. పెదాలు కదిలాయి. చుక్క, చుక్క, చుక్క, చుక్క. ఇరవై ఒకటి! మాస్టారు కిటికీ రెక్క ఊపేశాడు. రెండోది అయింది. మూడోది అయింది. నాలుగోది: ఆరువందల పన్నెండుని ఆరుతో.

మాస్టారికి చలికాలంలో చెమట పట్టింది. మధ్యలో సున్నా వచ్చే లెక్క! ఈ పదిహేను రోజుల్లో సోని చేత అలాంటిది ఒక్కటీ చేయించలేదు! మావ ఆరుని ఆరుగురికి పంచి ఒకటి వేస్తాడు. అత్త హెచ్చుతుంది, బావ తీసేస్తాడు, వదిన ఒకటి దించుతుంది. ఆ ఒక్కటిని ఆరుగురికి మావ ఎలా పంచుతాడు?

ముందు బల్ల మీద భాను పన్నెండు అని వేసేసింది. రవిబాబూ పన్నెండే. సోని ఆగిపోయింది. పెన్సిలు నోట్లో పెట్టుకుంది. చూపు మెల్లగా మబ్బు వైపు తిరిగింది. అయిపోయింది, అనుకున్నాడు మాస్టారు. కండువా నోట్లో కుక్కుకున్నాడు.

సోని చూపు వెనక్కొచ్చింది. చుక్కలు చూసుకుంది. వదిన దగ్గర చుక్క ఉంది. ఇక మావ.

“ఏటి మావా, అలా నిలబడిపోనావు?” గట్టిగానే అనేసింది. “ముక్క ఒకటే, కూసున్నోళ్లు ఆరుగురు, అంతే గదా? కూర సాల్లేదని ఇస్తరి ఎయ్యడం మానేత్తామేటి? ముందు కాళీ ఇస్తరి ఎయ్యి. వదిన ఇంకో కుండ దించుతాది. అప్పుడు పంచు.”

ఒకటి పక్కన గుండ్రంగా ఒక విస్తరి వేసింది. సున్నా! వదిన రెండు దించింది. పన్నెండు. ఆరు రెళ్లు పన్నెండు. నూట రెండు!

వరండాలో మాస్టారు ఎగిరిన ఎగురుకి పైకప్పు రేకు మోగింది. లోపల ప్రేమ్‌కుమార్ ఒక్క అంగలో సోని దగ్గరికొచ్చాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావ్? ఎవడా మావ? కాపీ కొడుతున్నావా?” కాగితం లాక్కున్నాడు.

సోని కళ్లు నిండిపోయాయి. అరుగు మీద సోములమ్మ లేచి నిలబడింది. “సాలు బాబూ. ఇచ్చీండి గుంటని. ఎల్లిపోతాం.”

నియమం ఏమైనా కానీ అని వరహాలరావు కిటికీలోంచి తల, భుజం, సగం బొజ్జ లోపలికి తోసేశాడు. “సార్! సార్! అది కాపీ కాదు సార్, కాపురం! ఆ కాయితంలో నలుగురు చుట్టాలున్నారు! లెక్క చూడండి సార్, లెక్క చూసి లాక్కోండి!”

ప్రేమ్‌కుమార్ కాగితం చూశాడు. అంచున మావ, అత్త, బావ, వదిన. పక్కన చుక్కలు. కింద నూట రెండు. భాను కాగితం చూశాడు: పన్నెండు. రవిబాబుది: పన్నెండు. సుక్రుది: పన్నెండు, అదీ కొట్టేసి మళ్లీ పన్నెండు.

“మరి ఈమె ఎవరి దగ్గర కాపీ కొట్టినట్టు?” అని తనలో తనే అనుకుని, “ఈ సున్నా ఏమిటమ్మా?” అన్నాడు.

“కాళీ ఇస్తరి సారూ,” వెక్కుతూ చెప్పింది సోని. “ఎయ్యకపోతే ఆ సోటు ఎనకోళ్లు ఆక్రమించేత్తారు.”

స్థానవిలువ మీద ప్రేమ్‌కుమార్ ట్రైనింగులో మూడు రోజులు కూర్చున్నాడు. అందులో ఎవరూ ఇంత చక్కగా చెప్పలేదు. కాగితం తెచ్చి ఆమె ముందు సాపుగా పెట్టాడు. “వడ్డించు తల్లీ. కాకపోతే నోరు మూసుకుని వడ్డించు.”

గంట కొట్టేసరికి పదింటిలో ఎనిమిది అయ్యాయి. కాగితాలు కట్ట కట్టేముందు ప్రేమ్‌కుమార్ సోని కాగితాన్ని తనే అరుగు మీదకి తెచ్చాడు. సోములమ్మకి చదువు రాదు. కాగితం మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది.

“ఇదెవులే?”

“మావ.”

“ఇదీ?”

“అత్త. ఇక్కడ హెచ్చులు పోతంది, సూడు.”

సోములమ్మ నోరు మూసుకుని నవ్వింది. వేలు కిందకి దిగింది. అడుగున తెలుపు తగిలి ఆగింది. వరహాలరావు ఊపిరి కూడా అక్కడే ఆగింది.

“ఇక్కడ ఏటీ లేదేటి?”

“రెండు మిగిలిపోనాయి అమ్మమ్మా. బేగి రాయలేకపోనాను.” సోని తల దించలేదు. “వొచ్చు గాని. టైము సాల్లేదు.”

సోములమ్మ ఆ తెల్లటి చోటుని వేలితో తడిమింది. తర్వాత కాగితం వరహాలరావు చేతిలో పెట్టి, కాఫీ బుట్ట తన ఒక్కదాని నడుముకే కట్టుకుంది.

“రేపు దీన్ని బేగి లేపి పంపుతాను బాబూ. ఆ మిగిలిన ఇద్దర్నీ పస్తుంచకండి.”